నీలం మీద చుక్కలు

ప్రూఫులు టోక్యో నుంచి కొరియర్‌లో వచ్చిన రోజు లోవర్ హట్‌లో పొద్దుటి నుంచీ వాన. కొరియర్ మనిషి అట్టపెట్టెను లెటర్‌బాక్స్ పక్కన పెట్టి వెళ్లిపోయాడు. దాన్ని స్వెటర్ లోపల దాచుకుని పరుగున ఇంట్లోకి తెచ్చి, చేతులు తుడుచుకుని, వంటింటి బల్ల మీద విప్పాను.

అవి ఒక పాటల ఆల్బమ్ పైకవరుకు, లోపలి అట్టలకు సంబంధించిన నమూనా అచ్చులు. ఆ ఆల్బమ్‌లో ఇద్దరు జపాన్ గాయకులు మొదటిసారి కలిసి పాడారు. ఒకాయన అరవై దాటినవాడు. ఒకప్పుడు ఆయన పాట వినిపించని ఇల్లు ఆ దేశంలో లేదట. ఇంకొకామె ఇరవై రెండేళ్ల పిల్ల. తన గదిలో కూర్చుని ఫోన్‌లో రికార్డు చేసుకున్న పాటలతో పైకి వచ్చింది. ఆ ఇద్దరి ఆల్బమ్‌కు బొమ్మలు వేసింది నేను. విజయవాడలో పాఠ్యపుస్తకాలకు బొమ్మలు, పెళ్లి శుభలేఖలకు డిజైన్లు చేసుకునేదాన్ని. మా ఆయన నర్సు ఉద్యోగం వెంట ఈ దేశం వచ్చి, ఇక్కడ పిల్లల పుస్తకాలకు బొమ్మలు వేస్తున్నాను. మేముండే లోవర్ హట్ నుంచి వెల్లింగ్టన్ వెళ్లే రైలు సముద్రం అంచునే పోతుంది. ఆ కిటికీలోంచి చూసి వేసుకున్న సాయంత్రాలు కొన్ని ఇంటర్నెట్‌లో పెట్టాను. టోక్యోలో ఆర్ట్ డైరెక్టర్‌గా పనిచేసే ఒకావిడ వాటిని చూసి, ఈ పని చేస్తారా అని మెయిల్ పెట్టింది.

ఆవిడ ఊహించిన కవరు చాలా ముచ్చటైనది. పైన మందపాటి గరుకు కాగితంతో ఒక తొడుగు. తొడుగు మీద సముద్రం పక్కన కొండ, కొండ మీద ఇళ్లు, మునిమాపు వేళ. ఆ ఇళ్లలో ఏడు కిటికీలను చిన్న చిన్న చతురస్రాలుగా కత్తిరిస్తారు. తొడుగులోంచి లోపలి అట్టను బొటనవేలు వెడల్పు బయటికి లాగితే, చీకటిగా ఉన్న ఆ కిటికీల్లో పసుపు పచ్చని దీపాలు వెలుగుతాయి. ఇంకా లాగితే అట్ట మొత్తం బయటికి వచ్చి పుస్తకంలా తెరుచుకుంటుంది. లోపల రెండు పేజీల మీద ఒకే పెద్ద బొమ్మ ఉంటుంది. కుడి ఒడ్డున ఒక ఇల్లు, ఎడమ ఒడ్డున ఒక ఇల్లు, మధ్యలో నీళ్లు, నీళ్లలోకి పడవలు ఆగే ఒక చెక్క జెట్టీ. అన్నిటికీ పైన, నడుముకు పట్టీ చుట్టినట్టు, రెండు వేళ్ల వెడల్పు కాగితం పట్టీ. జపాన్ వాళ్లు దాన్ని ఓబి అంటారు. పేర్లూ వివరాలూ అన్నీ దాని మీదే. అది తీసేస్తే బొమ్మ మీద ఒక్క అక్షరం ఉండదు.

ఆ బొమ్మకు ప్రాణం నీలం రంగు. పొద్దు కుంకాక పది నిమిషాలే ఉండే నీలం. మామూలుగా అచ్చువేసే నాలుగు రంగులతో అది రాదని, ప్రత్యేకంగా సిరా కలిపించమని మూడు వారాలు పోరి ఒప్పించాను. అందుకే ప్రూఫు విప్పగానే కిటికీ దగ్గరికి తీసుకెళ్లి ముందు నీలమే చూశాను.

నీలం మీద చుక్కలు ఉన్నాయి. మిరియాల పొడి చిటికెడు చల్లినట్టు, సన్నగా, నల్లగా. లెక్కపెడితే పదకొండు. నాకు ఒళ్లు మండింది. ఎర్ర పెన్సిల్‌తో ఒక్కో చుక్క చుట్టూ సున్నా చుట్టి, ఫోటో తీసి, కాగితంలో నలకలు ఉన్నాయి, ఇలా అయితే కుదరదు అని కొంచెం ఘాటుగానే రాసి పంపాను.

మర్నాడు పొద్దున జవాబు వచ్చింది. ఆవిడ తన దగ్గరున్న మూడు ప్రతులనూ భూతద్దం కింద పెట్టి చూసిందట. ప్రెస్సు వాళ్లను పిలిచి వాళ్లకూ చూపించిందట. ఎక్కడా చుక్క లేదట. మీకు కలిగిన ఇబ్బందికి క్షమించండి అంటూనే, పెద్దవి చేసిన ఫోటోలు ఆరు జత చేసింది. 

నేను మళ్లీ ప్రూఫు తీసుకుని కిటికీ దగ్గర నిలబడ్డాను. నేను చుట్టిన ఎర్ర సున్నాలు పదకొండూ ఉన్నాయి. ఒక్కదాంట్లోనూ చుక్క లేదు. చుక్కలు వాటికి కాస్త పైన ఉన్నాయి. కాగితం దించి పక్కింటి తెల్లగోడ వైపు చూశాను. చుక్కలు నాతోపాటు వచ్చి గోడ మీద నిలబడ్డాయి. ఆకాశం వైపు చూస్తే ఆకాశం మీదకు వచ్చాయి.

అక్కడే కుర్చీలో కూలబడ్డాను. ఎందుకంత భయమో చెప్పాలి. నా కుడికన్ను పుట్టినప్పటి నుంచీ మందకొడి. ఎంత అద్దం పెట్టినా ఆ కంటికి మనుషులు మసక ముద్దల్లా కనిపిస్తారు తప్ప మొహాలు తెలియవు. చదువు, బొమ్మలు, కారు, అన్నీ ఎడమకంటి మీదే. ఆ ఎడమకంటికి కూడా చిన్నప్పటి నుంచి మందపాటి అద్దం. మా మేనత్తకు కూడా అలాంటి కళ్లే ఉండేవి. నాకు తొమ్మిదేళ్లప్పుడు ఒక వేసవిలో ఆమె, కళ్ల ముందు దోమలు ఎగురుతున్నాయర్రా అంటూ చేతులు విసురుతూ ఉండేది. మేం నవ్వేవాళ్లం. వినాయక చవితి నాటికి ఆమెకు చూపు లేదు. తర్వాత చాలా ఏళ్లు ఆమెను పెరట్లోకి చెయ్యిపట్టి తీసుకెళ్లే పని నాదే. నా మణికట్టును ఆమె పట్టుకునే తీరు ఇప్పటికీ చర్మానికి గుర్తుంది.

ఇంత తెలిసినదాన్ని ఆ క్షణమే మా ఆయనకు ఫోన్ చెయ్యాలి. ఆయన ఆసుపత్రిలోనే పనిచేస్తాడు. నేను చెయ్యలేదు. చెబితే ఆయన డాక్టరు దగ్గరికి తీసుకెళ్తాడు, తీసుకెళ్తే డాక్టరు పేరు పెట్టి చెబుతాడు, పేరు పెట్టాక అది నిజమైపోతుంది. అంతకుమించి తర్కమేమీ లేదు. టోక్యో ఆవిడకు మాత్రం, నాదే పొరపాటు, ఇక్కడి లైటు సరిగా లేదు అని రాశాను. నీలం ఇంకా కొంచెం మారాలని, మరో రెండు రకాలు అచ్చువేసి పంపమని అడిగాను.

నాలుగు రోజులు అలా గడిపాను. అన్నం వండుతుంటే ఎడమవైపు ఎవరో కెమెరా ఫ్లాష్ కొట్టినట్టు మెరిసేది. తలతిప్పితే ఎవరూ ఉండరు. స్నానాల గదిలో తలుపు వేసుకుని, కుడికన్ను అరచేత్తో మూసి, ఎదురుగా ఉన్న టైల్స్ లెక్కపెట్టుకునేదాన్ని. గురువారం అడుగు వరసలో చివరి టైలు కనిపించలేదు. శుక్రవారానికి రెండు కనిపించలేదు. బయటికి వచ్చి పిల్ల లంచ్‌బాక్స్ సర్దాను.

మా అమ్మాయికి అప్పుడు పద్నాలుగేళ్లు. తెలుగు అంతా అర్థమవుతుంది, మాట్లాడేది మాత్రం ఇంగ్లీషే ఎక్కువ. ఆ చిన్న గాయని అంటే దానికి పిచ్చి. నేను ఆ ఆల్బమ్‌కు బొమ్మలు వేస్తున్నానని తెలిసిన రోజు నన్ను మొదటిసారి గౌరవంగా చూసింది. ఎవరికీ చెప్పకూడదని ఒప్పందం కాబట్టి, స్కూల్లో చెప్పలేక నానా అవస్థ పడేది.

శనివారం ఉదయం దాన్ని నెట్‌బాల్ మ్యాచ్‌కు తీసుకెళ్తున్నాను. సన్నని జల్లు. అది నా పక్కన ఎడమ సీట్లో కూర్చుని షూ లేసులు కట్టుకుంటోంది. గ్రౌండ్ దగ్గర ఎడమకు తిరగాలి. అద్దంలో చూశాను, తల కూడా తిప్పి చూశాను. రోడ్డు ఖాళీగా ఉంది. తిప్పాను.

"మమ్, బైక్. మమ్, స్టాప్."

అది స్టీరింగ్ మీద చెయ్యి వేసింది. నేను బ్రేకు తొక్కాను. కారు బానెట్ మీద దబ్బున చెయ్యి చరిచిన చప్పుడు. అప్పుడు కనిపించాడు సైకిల్ మనిషి, పసుపు రంగు జాకెట్టులో, కారుకు జానెడు దూరంలో, ఒక కాలు రోడ్డు మీద ఆనించి. దెబ్బ తగల్లేదు. ఆయన తిట్టనైనా లేదు. అద్దంలోంచి నా మొహం చూసి, "ఆర్ యూ ఆల్‌రైట్?" అని అడిగాడు. అంత నిండు పసుపు జాకెట్టు నాకు కనిపించలేదు. నేను చూసినప్పుడు అక్కడ ఖాళీ రోడ్డే ఉంది.

కారు పక్కకు తీసి ఆపాను. అమ్మాయి మెల్లిగా అడిగింది.

"యూ లుక్డ్ స్ట్రెయిట్ ఎట్ హిమ్. ఎందుకు ఆపలేదు?"

"కనిపించలేదమ్మా."

"వాట్ డు యూ మీన్ కనిపించలేదు?"

దానికి చెప్పలేక దాని చేతిలో ఫోన్ తీసుకుని మా ఆయనకు చేశాను. ఆయన డ్యూటీలో ఉన్నాడు. చెప్పడం మొదలుపెట్టగానే ఆయన గొంతు మారిపోయింది. ఇంట్లో మాట్లాడే గొంతు కాదు, వార్డులో మాట్లాడేది.

"నల్లగా పరదా పడినట్టు ఉందా?"

"ఎడమపక్క కింద. బూడిద రంగులో."

"మెరుపులు?"

"ఉన్నాయి."

"ఎప్పటి నుంచి?"

"సోమవారం చుక్కలు చూశాను."

ఆయన వెనకాల ఏదో మిషన్ కూత వినిపిస్తోంది. "కారు అక్కడే లాక్ చెయ్యి. తాళాలు అమ్మాయికి ఇవ్వు. తల ఎక్కువ కదపొద్దు. నేను వస్తున్నా," అన్నాడు. ఎందుకు చెప్పలేదు అని అడగలేదు. దారిలోనూ అడగలేదు. దాంతో నాకు ఇంకా భయం వేసింది.

కంటి డాక్టరు చుక్కలమందు వేసి, మిషన్ మీద గడ్డం ఆనించమని, చాలాసేపు చూశాడు. కంటి లోపలి గోడకు అంటుకుని సన్నని పొర ఉంటుంది, చూపంతా దాని మీదే, అది పైన చిరిగి గోడ నుంచి ఊడి వస్తోంది అన్నాడు. కాగితం మీద గుండ్రంగా గీసి చూపించాడు. తడికి గోడకాగితం లేచినట్టు. మధ్యభాగం ఇంకా అంటుకునే ఉంది, అది కూడా లేస్తే సూక్ష్మమైన చూపు పోతుంది, అందుకే రేపు ఉదయమే ఆపరేషన్ అన్నాడు. ఏం పని చేస్తారు మీరు అని అడిగాడు. బొమ్మలు వేస్తాను అన్నాను. ఆయన పెన్ను మూత పెట్టి, "రెండో కన్ను సంగతి కూడా చూశాను," అన్నాడు. అంతే. మిగతాది నేనే పూరించుకున్నాను.

తెల్లారి మళ్లీ పరీక్ష చేసేసరికి మధ్యభాగం అంచు కూడా కొద్దిగా లేచింది. 

మత్తు కంటికి మాత్రమే ఇచ్చారు. మనిషికి మెలకువే. ఒక నర్సు నా చెయ్యి పట్టుకుని, దగ్గొచ్చేలా ఉన్నా, కదలాలనిపించినా ముందు నా చెయ్యి గట్టిగా నొక్కు, డాక్టరు ఆపేస్తారు అంది. ఆ మాట విన్న క్షణం నుంచి నాకు గొంతులో గరగర మొదలైంది. ముప్పావు గంటసేపు నేను దేవుణ్ణి అడిగింది చూపు కాదు, దగ్గు రాకుండా చూడమని. కంటి లోపల జరిగేది నీడలుగా కనిపిస్తూనే ఉంది. గాజు గ్లాసు నీళ్లలో సిరా వదిలితే తీగలు తీగలుగా దిగుతుంది చూడండి, అలాంటివేవో తేలుతున్నాయి. వాటి మధ్యలోంచి సన్నని నల్లని పుల్ల ఒకటి వచ్చి వాటిని మింగుతోంది. ఆ పుల్ల నా కంట్లో ఉందని మనసుకు తెలిసినప్పుడల్లా నర్సు చెయ్యి నొక్కేదాన్ని. ప్రతిసారీ డాక్టరు ఆగి, "ఓకే?" అనేవాడు. 

చివర్లో కంట్లోకి గాలి బుడగ లాంటిది ఎక్కించారు. అది పొరను వెనక్కి గోడకు ఒత్తి పెట్టాలి. బుడగ ఎప్పుడూ పైకి తేలుతుంది కాబట్టి నేను మొహం నేలకు పెట్టి ఉండాలి. ఏడు రోజులు. గంటకు పది నిమిషాలు తప్ప, తినడం, పడుకోవడం అన్నీ అలాగే.

మా చర్చికి వచ్చే ఆంటీ ఒకామె వృద్ధుల హోమ్‌లో పనిచేస్తుంది. ఆమె వచ్చి ముందుగదిలో రెండు కుర్చీలు ఎదురెదురుగా వేసి, తువ్వాళ్లు చుట్టలు చుట్టి, నుదురు ఒకచోట, గడ్డం ఒకచోట ఆనేలా కట్టింది. "మెడ నొప్పి పుడితే చెప్పమ్మా, ఇటు కాస్త ఎత్తు చేస్తా," అని, నా వీపు మీద చెయ్యి ఉంచి ప్రార్థన చేసింది. నాకు ఆమె చెప్పులు కనిపిస్తున్నాయి, అదీ కుడికంటికి, మసగ్గా. తర్వాత వచ్చిన మనుషులందరినీ నేను పాదాలతోనే పోల్చుకున్నాను.

భయం అలా కూర్చున్నప్పుడు పెరుగుతుంది. పని లేదు, చూడ్డానికి కార్పెట్ తప్ప ఏమీ లేదు. ఎడమకంట్లో బుడగ నీళ్లతొట్టిలా ఊగుతూ, వెలుతురు తప్ప ఏమీ చూపించదు. ఈ బుడగ కరిగాక అవతల ఏముంటుంది అన్నదే ఆలోచన. మేనత్త అన్నం కంచంలో వేళ్లతో తడుముకుంటూ కూర వెతుక్కోవడం గుర్తొచ్చేది. కళ్లు మూసుకుని కార్పెట్ మీద చెయ్యి పెట్టి, ఇది ఏ రంగు అని నన్ను నేను అడిగేదాన్ని, తర్వాత కళ్లు తెరిచేదాన్ని.

మా ఆయన మూడో రోజు అడిగాడు. నేల మీద నా మొహం కింద పడుకుని, పైకి చూస్తూ అడిగాడు.

"నాకెందుకు చెప్పలేదు?"

"భయమేసింది."

"నేనేమంటానోననా?"

"కాదు. మీరు కంగారుపడటం చూస్తే, ఇంక నేను తట్టుకోలేననిపించింది."

ఆయన అలాగే పడుకుని ఉన్నాడు. "మధ్యభాగం ఆదివారం లేచింది. సోమవారం చెప్పి ఉంటే..." అని ఆపేశాడు. ఆ వాక్యం ఇప్పటిదాకా పూర్తి చెయ్యలేదు.

బుధవారం టోక్యో నుంచి కొత్త ప్రూఫులు వచ్చాయి. నేను అడిగిన రెండు నీలాలు, ఎ అని బి అని, ఇంకా లోపలి అట్ట. మర్నాటికల్లా ఏదో ఒకటి ఖాయం చెయ్యాలి, ప్రెస్సులో ఆ సిరాకు కేటాయించిన రోజు దాటితే ఆల్బమ్ విడుదల తేదీ కూడా తప్పుతుంది. మా ఆయన అప్పటికే టోక్యో ఆవిడకు నా సంగతి రాశాడు. మేము చూసుకుంటాం, మీరు విశ్రాంతి తీసుకోండి అని ఆవిడ రాసింది. నేను ఒప్పుకోలేదు. ఇది నా చివరి పనేమో అన్న మాట ఎవరితోనూ అనలేదు గానీ, మనసులో అదే ఉంది. చివరిదాన్ని వేరేవాళ్ల చేతిలో పెట్టలేను.

కుడికంటికి రంగు ముద్దలా తెలుస్తుంది గానీ తేడాలు తెలియవు. అందుకని అమ్మాయిని పిలిచాను. అది స్కూలు నుంచి వచ్చి, నా కుర్చీ కింద కార్పెట్ మీద రెండు ప్రూఫులూ పరిచి, బోర్లా పడుకుంది.

"ఎ ఎలా ఉంది?"

"బ్లూ."

"బి?"

"బ్లూ. మమ్, దే ఆర్ బోత్ బ్లూ."

"తేడా లేదా?"

"ఉంది. బట్ ఐ డోంట్ నో హౌ టు సే ఇట్."

"వెల్లింగ్టన్ నుంచి సాయంత్రం రైల్లో వస్తాం కదా. పెటోనీ స్టేషన్ రాకముందు సముద్రం కనిపిస్తుంది. ఆ కిటికీ గుర్తు తెచ్చుకుని చూడు."

ప్రూఫులు కిటికీ దగ్గరికి తీసుకెళ్లి వెనక్కి వచ్చిన అడుగుల చప్పుడు విన్నాను.

"ఎ లో బయట వాటర్ ఇంకా కనిపిస్తుంది. బి లో కిటికీలో నా ఫేసే కనిపిస్తుంది, బయట ఏం లేదు. లైక్, అప్పటికే చీకటి పడిపోయింది."

నాకు కళ్లు చెమర్చాయి. ఏడవకూడదని డాక్టరు చెప్పలేదు గానీ నాకు భయమేసి ఆపుకున్నాను. "ఎ," అన్నాను. 

"యా. ఐ వుడ్ పిక్ ఎ."

తర్వాత తొడుగు, కిటికీల కత్తిరింపు చూడమన్నాను. ఏడు కిటికీల్లో ఏ అంచునైనా తెల్లగా సందు కనిపిస్తోందా అని ఒక్కొక్కటే అడిగాను. అది ఒక్కొక్కటే చెప్పింది. లేదు, లేదు, లేదు. లోపలి అట్ట తెరిచింది. రెండు ఇళ్లు ఉన్నాయి, దీపాలు ఉన్నాయి, నీళ్ల మీద వాటి నీడలు ఉన్నాయి.

"మమ్, ఈ కార్నర్‌లో ఏం లేదు. ఈజ్ ఇట్ మెంట్ టు బి లైక్ దట్?"

"ఏ మూల?"

"లెఫ్ట్‌లో, కింద. జెట్టీ సగంలో ఆగిపోయింది. దాని కింద జస్ట్ పేపర్."

"సగంలో ఆగిపోవడమేంటి? చివరి దాకా వేశాను కదా. చెక్కలు, కింద రాళ్లు."

"రాళ్లు లేవమ్మా."

ప్రూఫును నా మొహానికి దగ్గరగా పట్టుకోమన్నాను. కుడికంటికి అక్కడ తెల్లని మసక కనిపించింది. అచ్చులో తప్పేమో అని, నా బల్ల సొరుగులోంచి అసలు బొమ్మ తీసుకురమ్మన్నాను. తెచ్చింది. అందులోనూ లేదు. 

ఆ బొమ్మ వేసి ఐదు వారాలైంది. ఆ మూలను ఆఖర్న వేద్దామని వదిలి, వేసేశాననుకున్నట్టున్నాను. వేసినన్ని రోజులూ, దగ్గర పని అయ్యాక, బల్లకు ఆనించి నాలుగడుగులు వెనక్కి వెళ్లి మొత్తం చూసుకునేదాన్ని. అన్నిసార్లు చూశాను. అంతా నిండుగా ఉందనే అనుకున్నాను. అప్పటికే ఆ మూల నాకు కనిపించడం లేదన్నమాట. కనిపించనిచోట నల్లగా ఏమీ లేదు, ఏదో లోటు ఉన్నట్టూ లేదు. మనసు దాన్ని తనంతట తనే పూర్తి చేసేసుకుంది. పరదా కన్నా, మెరుపుల కన్నా, ఆపరేషన్ కన్నా ఆ ఒక్క సంగతి ఎక్కువ భయపెట్టింది.

అమ్మాయి కూడా లెక్క వేసుకున్నట్టుంది.

"సో, ఫైవ్ వీక్స్ నుంచి నువ్వు నన్ను అలాగే డ్రైవ్ చేశావా?"

అది లేచి తన గదిలోకి వెళ్లిపోయింది. తలుపు గట్టిగా వెయ్యలేదు. మామూలుగా వేసింది. నేను కార్పెట్ వైపు చూస్తూ, అది లోపల ఏడుస్తోందా అని చెవులు రిక్కించుకుని కూర్చున్నాను. లేచి వెళ్లడానికి వీల్లేదు. పావుగంటకు తలుపు తెరుచుకుంది. సాక్సు వేసుకున్న దాని పాదాలు నా ముందుకు వచ్చి ఆగాయి.

"షల్ వి కాల్ హర్?" అంది.

టోక్యో ఆవిడకు వీడియో కాల్ చేశాం. లాప్‌టాప్ పీట మీద పెట్టి, నా తల కింద ఉంచింది. ఆవిడకు నా మొహం కింద నుంచి, తువ్వాళ్ల మధ్యలోంచి కనిపించి ఉంటుంది. ఆవిడ తల వంచి నమస్కరించింది. నేను జెట్టీ సంగతి చెప్పాను. ఆవిడ ఇంగ్లీషు నెమ్మదిగా ఉంటుంది.

"మేమందరం మీరు కావాలనే అలా వదిలారనుకున్నాం. ఇద్దరు గాయకులకూ ఆ చోటు చాలా నచ్చింది. అలాగే ఉంచుదామా?"

"వద్దు," అన్నాను. "అది నేను వదిలింది కాదు. నాకు కనిపించనిది. దాన్ని ఎవరైనా బాగుంది అంటే నేను భరించలేను."

నా గొంతు పెద్దదైపోయింది. అమ్మాయి నా భుజం మీద చెయ్యి వేసింది. ఆవిడ కాసేపు కాగితాల మీద ఏదో గీసుకుంది. గీసి, కెమెరాకు చూపించింది. పాటలు రాసి ఉండే చిన్న పుస్తకాన్ని అట్టకు పక్కనుంచి ఉన్న చీలికలోకి దోపాలని మొదట అనుకున్నాం. దానికి బదులు ఎడమ పేజీ కింది మూలలో కాగితంతో ఒక జేబు అంటిస్తే, పుస్తకం అందులో నిలబడుతుంది. జేబు సరిగ్గా ఆ ఖాళీ మీద పడుతుంది. జేబుకు అదే నీలం, బొమ్మ లేకుండా.

"జేబు అంచు జెట్టీ దగ్గరికి కరెక్ట్‌గా వస్తుందా?" అని అమ్మాయి అడిగింది, నేను అడిగేలోపే. ఆవిడ మిల్లీమీటర్లలో కొలిచి చెప్పింది. అది స్కేలు తెచ్చి ప్రూఫు మీద కొలిచి చూసింది. రెండు మిల్లీమీటర్లు పెంచమంది. ఆవిడ పెంచింది.

బుడగ కరగడానికి ఏడు వారాలు పట్టింది. చూపులో ముందు పైఅంచున సన్నని వెలుగు పట్టీ వచ్చింది. దాని కింద బుడగ అంచు, బకెట్లో నీళ్ల మట్టంలా, నడిస్తే ఊగేది. రోజూ మట్టం కిందికి దిగేది, పైన ప్రపంచం కొంచెం కొంచెం పెరిగేది. ముందు గది కప్పు, తర్వాత తలుపు పై గడప, తర్వాత మా ఆయన నుదురు, కళ్లు. చివరికి బుడగ పెసరగింజంత అయి, ఒక ఉదయం లేదు. చుక్కలు కొన్ని మిగిలాయి. మధ్యలో ఒకచోట తిన్నని గీతలు వంగి కనిపిస్తాయి. తలుపు చట్రాన్ని ఎవరో సుత్తితో కొట్టినట్టు ఒక నొక్కు. అది అలాగే ఉండిపోతుందని డాక్టరు చెప్పాడు. 

ఆల్బమ్ విడుదలకు టోక్యో రమ్మన్నారు. అప్పటికింకా కంట్లో బుడగ కరగలేదు, అది ఉండగా విమానం ఎక్కకూడదు, వెళ్లలేదు. ప్రతులు ఐదు పోస్టులో వచ్చాయి. మొదటిదాన్ని విప్పలేక రెండు రోజులు బల్ల మీదే ఉంచాను. అమ్మాయే ఓబి చిరగకుండా మెల్లగా జార్చి తీసి, తొడుగులోంచి అట్టను బొటనవేలంత లాగింది. ఏడు దీపాలూ వెలిగాయి. నాకు మూడో కిటికీ వంకరగా కనిపించింది.

"తిన్నగా ఉందా అది?"

"ఉందమ్మా."

నమ్మి, లోపలి అట్ట తెరిచాను. నీలం జేబు, అందులో చిన్న పుస్తకం. జేబు అంచు దగ్గర జెట్టీ లోపలికి దూరినట్టు ఉంది, అంతే. వేలు పెట్టి తడిమి చూశాను. లోపలి ఖాళీ ఎందుకు మిగిలిందో తెలిసినవాళ్లం నలుగురం. 

కారు నేను మళ్లీ నడపలేదు. నడపొచ్చని కాగితం ఇచ్చారు, నాకే ధైర్యం లేదు. అమ్మాయి మ్యాచ్‌లకు వాళ్ల స్నేహితురాలి అమ్మ తీసుకెళ్తోంది.

మొన్న దాన్ని కళ్లద్దాల దుకాణంలో పరీక్షకు తీసుకెళ్లాను. దానికీ దూరపు చూపు తక్కువే, ఏటా నంబరు పెరుగుతోంది. నాలాంటి తల్లులున్న పిల్లలకు చుక్కలమందు వేసి లోపలి పొరను కూడా చూడాలని మా డాక్టరు రాసిచ్చాడు. నన్ను బయట కూర్చోమన్నారు. లోపల లైటు ఆర్పారు. తలుపు కింద నుంచి ఏమీ కనిపించలేదు. ఎదుటి గోడ మీద వరసగా కళ్లద్దాల ఫ్రేములు, వాటిలో ఒకటి వంగి ఉంది, అది నా కన్నో ఫ్రేమో తెలియలేదు. డాక్టరమ్మ లోపల ఏదో చెబుతోంది, మాటలు అందడం లేదు. "అగైన్, లుక్ అప్," అన్న మాట ఒక్కటే మూడుసార్లు వినిపించింది. మూడుసార్లు ఎందుకు చూస్తోంది అనుకున్నాను.

తలుపు తెరుచుకుని అమ్మాయి వచ్చింది. కళ్లలో నల్లగుడ్లు పెద్దవై ఉన్నాయి. వెలుతురుకు చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"షి సెడ్ ఇట్స్ ఫైన్. ఈ ఇయర్‌కి. నెక్స్ట్ ఇయర్ మళ్లీ రమ్మంది," అంది.

"చుక్కలు ఏమైనా కనిపిస్తే..."

"చెప్తా. అదే రోజు చెప్తా. నాట్ లైక్ యూ."

వెలుతురు భరించలేక స్టేషన్ దాకా అది నా చెయ్యి పట్టుకునే నడిచింది.